కోరంగి మడ అడవిలో బావురు పిల్లి

మా మదర్సాలో ప్రతి సంవత్సరం పరిశుద్ధతా ప్రకరణం బోధించేటప్పుడు పిల్లి ప్రస్తావన వస్తుంది. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ కోసం ఉంచుకున్న నీటి దగ్గరకు ఒక పిల్లి వచ్చింది. అది తాగేందుకు వీలుగా ఆయన పాత్రను వంచారు. ఆశ్చర్యంగా చూస్తున్న తమ కోడలికి, పిల్లి అపరిశుద్ధం కాదనీ, అది మన చుట్టూ తిరుగాడే ప్రాణుల్లో ఒకటనీ దైవప్రవక్త (సఅసం) తెలిపినట్లు ఆయన వివరించారు.

ఇరవై ఎనిమిది సంవత్సరాలుగా ఈ హదీసును పాఠం చెబుతున్నాను. చెప్పినప్పుడల్లా నా మనసులో మెదిలేది వంటింటి గడప దగ్గర కూర్చునే ఇంటి పిల్లి మాత్రమే. మనిషి గడప తొక్కని పిల్లులు కూడా ఉన్నాయనీ, వాటి విషయంలోనూ మనం ఒకనాడు జవాబు చెప్పుకోవలసి ఉంటుందనీ ఎన్నడూ ఆలోచించలేదు. గత శీతాకాలంలో నా పూర్వ విద్యార్థి ఒకరు ఫోను చేసి అడిగిన ప్రశ్న నన్ను ఆ ఆలోచనలో పడవేసింది.

ఆ యువకుడి కుటుంబం కాకినాడకు దక్షిణాన, కోరంగి సమీపంలో, ఒక చేపల చెరువును కౌలుకు తీసుకుని సాగు చేస్తున్నది. “ఉస్తాద్, రాత్రిపూట ఒక అడవి పిల్లి వచ్చి చేపలు ఎత్తుకుపోతోంది. ఉచ్చు వేసి చంపవచ్చునా? మిమ్మల్ని అడిగి చెప్పమని నాన్నగారు అన్నారు” అన్నాడు. వ్యవహారం స్వయంగా తెలుసుకోకుండా తీర్పు చెప్పరాదని మా గురువులు మాకు నేర్పారు. “చెరువు చూడకుండా చెప్పలేను నాయనా. కుదిరితే ఆ పిల్లిని కూడా చూడాలి” అన్నాను. చివరి మాట సగం హాస్యానికి అన్నదే. కానీ వారం తిరిగేసరికి నేను సామర్లకోట మీదుగా కాకినాడ వెళ్లే రైలులో కూర్చుని ఉన్నాను.

పోటు నీటి అడవి

కాకినాడ నుండి యానాం వెళ్లే రహదారి మీద తాళ్లరేవు మండలంలో ఉన్నది కోరంగి గ్రామం. ఒకప్పుడు అది పేరుమోసిన ఓడరేవు. అక్కడ ఓడలు కట్టేవారు. ఈ తీరం నుండి బర్మాకు వలసపోయిన తెలుగువారిని అక్కడి జనం కోరంగీలని పిలిచేవారు. 1839 నవంబరులో వచ్చిన తుపాను, దానితోపాటు పొంగిన సముద్రం, ఆ రేవును తుడిచిపెట్టాయి. నేడు కోరంగి పేరు చెబితే జనానికి గుర్తుకు వచ్చేది మడ అడవి. గౌతమీ గోదావరి సముద్రంలో కలిసేచోట, కోరంగి, గాడేరు పాయల నడుమ ఈ అడవి విస్తరించి ఉన్నది. 1978లో ప్రభుత్వం ఇక్కడ 235 చదరపు కిలోమీటర్లకు పైగా ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది.

చెరువుకు వెళ్లే ముందు నా విద్యార్థి నన్ను ఈ అడవిలోకి తీసుకువెళ్లాడు. సందర్శకులు నడిచేందుకు చెట్ల నడుమ చెక్కలతో బాట కట్టారు. బాటకు ఇరువైపులా తెల్లమడ, నల్లమడ, తిల్ల చెట్లు. తిల్ల పాలు కంటిలో పడితే చూపుకే ప్రమాదమని, ఆ కొమ్మలను తాకవద్దని నా విద్యార్థి ముందే హెచ్చరించాడు. మడ చెట్ల కింది బురద నిండా పెన్సిళ్లు గుచ్చినట్లు వేళ్లు నిటారుగా పైకి లేచి ఉన్నాయి. బురదలో గాలి ఆడదు గనుక ఆ చెట్లు వేళ్లను పైకి పంపి గాలి పీల్చుకుంటాయి. ఉప్పునీటిలో నిలబడి, అధికంగా చేరిన ఉప్పును ఆకుల మీదుగా బయటకు పంపుతాయి. ఒక మడ ఆకును తుంచి నాలుకకు తాకించి చూశాను. ఉప్పగా ఉన్నది. సుబ్‌హానల్లాహ్! ఇతర చెట్లను చంపే నీటిలో బతికే విద్యను దీనికి నేర్పినవాడు ఎవడో మనకు తెలుసు.

తర్వాత ఒక నాటు పడవలో పాయలోకి వెళ్లాము. పడవ నడిపే పెద్దాయన తెడ్డు వేస్తూ, “పోటొత్తే చేపలు అడివిలోకి ఎక్కుతాయండీ. పాటు తీత్తే మళ్లీ పాయలోకి దిగుతాయండీ. మా కూడూ దాంతోటే ఎక్కుద్ది, దాంతోటే దిగుద్దండీ” అన్నాడు. ఆయన ఒక్క ముక్కలో చెప్పింది ఆ అడవి లెక్క అంతా. రాలిన మడ ఆకు బురదలో కుళ్లుతుంది. దానిని పీతలు, రొయ్య పిల్లలు తింటాయి. వాటి కోసం చేపలు వస్తాయి. చేపల కోసం కొంగలు, నీటి కుక్కలు, జాలరులు వస్తారు. అందరూ ఇళ్లకు చేరిన తర్వాత, చీకటిలో, బావురు పిల్లి వస్తుంది.

నీటి కోసం మలచిన దేహం

దీనిని కొందరు నీటి పిల్లి అని కూడా అంటారు. ఇంటి పిల్లికి దాదాపు రెండింతలు ఉంటుంది. ఆడపిల్లి అయిదు నుండి తొమ్మిది కిలోల వరకు తూగితే, బాగా ఎదిగిన మగపిల్లి పదహారు కిలోల వరకు తూగుతుంది. ఒళ్లు బూడిదరంగు కలిసిన ఆకుపచ్చని ఛాయ. దాని మీద వరుసలు కట్టిన నల్లని మచ్చలు. నుదుటి నుండి మెడ వరకు సాగే నల్లని చారలు. తోక పొట్టిగా, మందంగా, కట్లకట్లుగా ఉంటుంది. చెవుల వెనుక తెల్లని చుక్క.

పిల్లికి నీళ్లంటే గిట్టదని మనం అంటాము. ఈ పిల్లి విషయంలో ఆ మాట చెల్లదు. దాని ఒంటి మీద రెండు పొరల వెంట్రుకలు ఉంటాయి. లోపలి పొర పొట్టిగా, ఎంత దట్టంగా ఉంటుందంటే, నీటిలో మునిగినా చర్మం వరకు తడి చేరదు. పై పొర పొడవైనది. మచ్చలు కనిపించేది దాని మీదనే. కాలి వేళ్ల నడుమ కొంతమేర పలుచని పొర ఉంటుంది. ఇంటి పిల్లి తన గోళ్లను పూర్తిగా లోపలికి ముడుచుకోగలదు. దీని గోళ్లు ముడిచినా మొనలు కొంచెం బయటనే ఉంటాయి. జారే చేపను పట్టేవాడికి కొక్కెం ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి కదా!

వేట సమయంలో అది నీటి అంచున పొంచి కూర్చుంటుంది. ఒక్కోసారి నీటి మీద పురుగు వాలినట్లు పంజాతో మెల్లగా తట్టి చేపను పైకి రప్పిస్తుంది. అవసరమైతే తలతో సహా నీటిలోకి దూకుతుంది, ఈదుతుంది. చేప దాని ప్రధానాహారమే అయినా ఎలుకలు, పీతలు, పక్షులు, పాములు, పురుగులను కూడా తింటుంది. ఆడపిల్లి రెండు నెలలకు పైగా గర్భం మోసి, దట్టమైన జమ్ములోనో, పొదలోనో సాధారణంగా రెండు లేక మూడు పిల్లలను కంటుంది. పిల్లలు కళ్లు తెరవడానికే రెండు వారాలకు పైగా పడుతుంది. తొమ్మిది నెలలకు గాని అవి తల్లి అంత కావు.

సింధు నది పరిసరాలు, నేపాల్ తరాయి, బంగ్లాదేశ్, శ్రీలంక, థాయిలాండ్, కంబోడియాలలో ఈ జాతి ఉన్నది. మన దేశంలో హిమాలయాల దిగువ చిత్తడి నేలలు, బెంగాల్, ఒడిశా, మన కృష్ణా గోదావరి ముఖద్వారాలు దీని నివాసాలు. కోరంగిలో 2018లో కెమెరాల సాయంతో జరిపిన లెక్కింపులో 115 పిల్లులు తేలాయి. ఒడిశాలోని చిలికా సరస్సు వద్ద 2022లో 176 లెక్కకు వచ్చాయి. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2012లో దీనిని తమ రాష్ట్ర జంతువుగా ప్రకటించింది. ఇన్ని చోట్ల ఉన్నప్పటికీ చిత్తడి నేలలు తరిగిపోతున్నందువల్ల, ముప్పులో ఉన్న జాతుల అంతర్జాతీయ జాబితాలో దీని పేరు చేరింది.

బంగ్లాదేశ్ గ్రామాలలో దీనిని ‘మెఛో బాఘ్’ అంటారు. చేపల పులి అని అర్థం. పులి అన్న ఆ ఒక్క మాట దాని ప్రాణం మీదకు తెచ్చింది. పులి వచ్చిందని కేకలు వేసి, చుట్టుముట్టి, కర్రలతో కొట్టి చంపిన ఘటనలు అక్కడ ఎన్నో జరిగాయి. అందుకే అక్కడి వన్యప్రాణి సంరక్షకులు దానిని పులి అనకండి, చేపల పిల్లి అనండి అని ప్రచారం చేస్తున్నారు. మన వైపు కూడా దీనిని చూసి చిరుతపులి పిల్ల అని భయపడేవారున్నారు. నిజానికి ఇది మనిషి అలికిడి వింటే తప్పుకుని పోయే ప్రాణి. తప్పుడు పేరు పెట్టి పిలవడం మనుషుల విషయంలోనే కాదు, మూగజీవాల విషయంలో కూడా అన్యాయమే అవుతుంది.

చెరువు గట్టు మీద రాత్రి

అస్ర్ వేళకు చెరువు చేరుకున్నాము. శీలావతి, బొచ్చె పెంచుతున్న మంచినీటి చెరువు అది. ఒక మూల జమ్ము, తుంగ గుబురుగా పెరిగి, అక్కడి నుండి ఒక పాత కాలువ మడ అడవి వైపు సాగిపోతున్నది. కాపలా ఉండే పెద్దమనిషికి అరవై ఏళ్లు దాటి ఉంటాయి. “రండి సాయిబు గారూ” అని నులకమంచం వాల్చాడు. గట్టు వెంట నడిపించి, ఒకచోట ఆగి, గడ్డి పక్కకు జరిపి చూపించాడు. మోటారు సైకిలు బ్రేకు తీగతో కట్టిన ఉచ్చు. అటువంటివి మొత్తం మూడు ఉన్నాయి.

ఉచ్చుకు జానెడు దూరంలో, తడి మట్టిలో, అడుగుల గుర్తులు ఉన్నాయి. గుండ్రని అడుగు, నాలుగు వేళ్లు, వేళ్ల ముందు సన్నని గోళ్ల జాడ. కొంత దూరంలో గట్టు మీద ఎండిన మలం కనిపించింది. నా విద్యార్థి దానిని పుల్లతో విడదీశాడు. నేను కుర్తా అంచు ఎత్తి పట్టుకుని వంగి చూశాను. అందులో చేప పొలుసులు ఉన్నాయి, పీత డొప్ప ముక్కలు ఉన్నాయి. వాటికంటే ఎక్కువగా ఎలుక బొచ్చు, సన్నని ఎముకలు ఉన్నాయి. “గట్టుకు బొరియలు చేసి నీళ్లు పోగొట్టేది ఎలుకలే కదా తాతా?” అని అడిగాడు నా విద్యార్థి. కాపలా పెద్దమనిషి సమాధానం చెప్పలేదు.

నా కోరిక మీద ఆ ఒక్క రాత్రికి ఉచ్చులు విప్పారు. ఇషా నమాజు తర్వాత కాపలా పాకలో పడుకున్నాము. మంచు దట్టంగా కురుస్తున్నది. తహజ్జుద్ వేళకు మెలకువ వచ్చి, వుజూ కోసం చెంబు అందుకోబోతుండగా కాపలా పెద్దమనిషి నా మోచేయి పట్టుకుని తూము వైపు చూపించాడు.

మొదట నాకేమీ కనిపించలేదు. పాక ముందు వేలాడే దీపపు కాంతి తూము రాయి మీద కొద్దిగా పడుతున్నది. ఆ రాయి పక్కన మరొక రాయి ఉన్నట్లు తోచింది. ఆ రెండవ రాయికి చెవులున్నాయి. అది నీటిని చూస్తున్నది, మేము దానిని చూస్తున్నాము. ఎంతసేపు గడిచిందో తెలియదు. కాళ్లు తిమ్మిరెక్కాయి గాని అది మాత్రం కదలలేదు. ఉన్నట్టుండి ముందుకు వంగి మెడదాకా నీటిలో ముంచింది. పైకి లేచినప్పుడు నోటిలో ఏమీ లేదు. తల విదిలించి, మళ్లీ అదే చోట, అదే విధంగా కూర్చున్నది. విసుగు లేదు, నిరాశ లేదు. రెండవసారి మునిగినప్పుడు అరచేతి కంటె కొంచెం పెద్దదైన చేప ఒకటి దొరికింది. దానిని కరచుకుని, గట్టు దాటి, జమ్ములోకి వెళ్లిపోయింది. చప్పుడు కాలేదు.

చెంబు నా చేతిలోనే ఉండిపోయింది. అబూ ఖతాదా (రజి) వంచిన పాత్ర గుర్తుకు వచ్చింది. ఆయన నీటి కోసం వచ్చిన పిల్లికి పాత్ర వంచారు. మేము నీటి అంచుకు వచ్చిన పిల్లికి ఉచ్చు కట్టాము.

కాపలా పెద్దమనిషి మాట

ఫజ్ర్ తర్వాత టీ కాస్తూ ఆ పెద్దమనిషి తనంతట తానే నోరు విప్పాడు. పోయిన ఏడు ఇదే కాలంలో ఒక పిల్లి ఉచ్చులో పడింది. తెల్లవారి చూసేసరికి చనిపోయి ఉన్నది. ఒళ్లు తిప్పి చూస్తే పాలిచ్చే తల్లి. “ఆ మూల జమ్ములో పిల్లలున్నాయండీ సాయిబు గారూ. ఎతికాను గానీ దొరకలేదు. రెండు రాత్రులు బావురుమన్నాయండీ. మూడో రాత్రి సద్దు లేదు” అన్నాడు. కొంతసేపు ఆగి, “మళ్లీ ఉచ్చు కట్టమంటే కట్టాను. జీతం తీసుకుంటన్నాను కదండీ” అన్నాడు. గ్లాసు నా చేతికి ఇచ్చేటప్పుడు నా ముఖం వైపు చూడలేదు.

ఒక ప్రయాణంలో సహాబాలు ఒక పిట్ట గూటి నుండి రెండు పిల్లలను తీసుకున్నారు. తల్లి పిట్ట వచ్చి రెక్కలు కొట్టుకుంటూ తల్లడిల్లింది. అది చూసిన దైవప్రవక్త (సఅసం), దాని పిల్లలను తీసి దానిని బాధపెట్టింది ఎవరని విచారించి, పిల్లలను తిరిగి ఇవ్వమని ఆదేశించారు. అక్కడ పిల్లలను తిరిగి ఇవ్వడానికి తల్లి బతికి ఉన్నది. ఇక్కడ తిరిగి ఇవ్వడానికి ఏమీ మిగలలేదు.

ప్రశ్నకు జవాబు

కొంతసేపటికి నా విద్యార్థి తండ్రి వచ్చారు. హజ్ చేసిన మనిషి, కష్టపడి పైకి వచ్చిన మనిషి. కౌలు, మేత, కూలీల లెక్క చెప్పి, “మౌలానా, నష్టాన్ని ఆపుకునే హక్కు నాకు లేదా?” అని సూటిగా అడిగారు. ఆ ప్రశ్నను తేలికగా తీసుకోరాదు. ఆస్తిని కాపాడుకోవడం షరీఅత్ ఇచ్చిన హక్కే.

“హక్కు ఉన్నది హాజీ సాబ్. అయితే ఆ హక్కుకు ఒక క్రమం ఉన్నది. నష్టాన్ని ఆపేటప్పుడు ముందుగా అన్నిటికంటే తేలికైన ఉపాయంతో ఆపాలని మన ధర్మశాస్త్ర పండితులు చెప్పారు. అదిలిస్తే పోయేదానిని కొట్టకూడదు. అడ్డు కడితే ఆగేదానిని చంపకూడదు. మీరు ఉచ్చుతో మొదలుపెట్టారు” అన్నాను.

పిల్ల చేపలు ఉండే చిన్న కుంట చుట్టూ వల కట్టవచ్చు. తూము దగ్గర దీపం పెట్టవచ్చు. రాత్రి రెండుసార్లు గట్టు మీద తిరగవచ్చు. ఇవన్నీ ఖర్చు తక్కువ పనులే. దేశ చట్టం సంగతి కూడా ఆయనకు గుర్తు చేశాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ పిల్లి పెద్దపులితో సమానంగా మొదటి షెడ్యూలులో ఉన్నది. దీనిని చంపినవారికి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలుశిక్ష పడుతుంది. కట్టుబడి ఉంటామని ఒప్పుకుని నివసిస్తున్న దేశపు చట్టాన్ని పాటించడం విశ్వాసి బాధ్యత.

“పిల్లి ఏడాదికి ఎంత తింటుందంటారు?” అని నేను అడిగినప్పుడు ఆయన కొంచెం ఆలోచించి, నిజాయితీగానే జవాబిచ్చారు. మబ్బు పట్టిన ఒక తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోయి, ఒక్క పూటలో తేలిన చచ్చిన చేపల ముందు పిల్లి తిన్నది లెక్కలోకి రాదన్నారు. “కానీ మబ్బు మీద కోపం తీర్చుకోలేము కదా మౌలానా” అని చిన్నగా నవ్వారు.

అప్పుడు ఆయనకు సహీహ్ ముస్లింలోని ఒక హదీసు సారాంశం చెప్పాను. ఒక ముస్లిం మొక్క నాటితే, దాని నుండి మనుషులు తిన్నదీ, దొంగ ఎత్తుకుపోయినదీ, పక్షి తిన్నదీ, అడవి మృగం తిన్నదీ కూడా నాటినవాడి ఖాతాలో సదఖాగా నమోదవుతుందని దైవప్రవక్త (సఅసం) శుభవార్త ఇచ్చారు. అడవి మృగం పేరు ఆ జాబితాలో స్పష్టంగా ఉన్నది.

“అది చెట్టు నాటినవారి మాట కదా, నాది చెరువు” అన్నారాయన.

“నిజమే. చెట్టుకు చెప్పినదానిని చెరువుకు వర్తింపజేసేటప్పుడు జాగ్రత్తగా ఉండాలని నా విద్యార్థులకు నేనే చెబుతాను. అందుకే దీనిని తీర్పుగా చెప్పడం లేదు. ఆశగా చెబుతున్నాను. మీ చేపను తిన్న నోటికి కృతజ్ఞత చెప్పడం రాకపోయినా, దానిని పుట్టించినవాడు లెక్క మరచిపోడు.”

ఆయన చాలాసేపు నీటి వైపు చూశారు. తర్వాత కాపలా పెద్దమనిషిని పిలిచి ఉచ్చులు తీసుకురమ్మన్నారు. “ఈ పంట వరకు వల కట్టి చూద్దాం” అన్నారు. ఎల్లకాలానికీ మాట ఇవ్వలేదు. నేను కూడా బలవంతం చేయలేదు. ఆ పెద్దమనిషి మూడు తీగలనూ చుట్ట చుట్టి నా విద్యార్థి చేతికి ఇచ్చాడు. ఆ జమ్ము మూలను కోయకుండా వదిలేయమని మాత్రం నేను మనవి చేశాను.

మూసిన తలుపు

తిరుగు ప్రయాణంలో మరొక హదీసు నన్ను వదలలేదు. పిల్లిని బంధించి చంపిన కారణంగా ఒక స్త్రీ నరకానికి పాత్రురాలైందన్న హదీసు మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందులో ఆమె నేరం ఏమిటో జాగ్రత్తగా గమనించాలి. ఆమె దానికి తిండి పెట్టలేదు. పోనీ, భూమి మీది పురుగూ పుట్రా తిని బతకడానికి దానిని వదిలిపెట్టనూ లేదు. అంటే ఆమె ముందు రెండు దారులు ఉన్నాయి: పెట్టడం లేదా వదలడం. ఆమె రెండింటినీ మూసివేసింది.

బావురు పిల్లికి మనం తిండి పెట్టనవసరం లేదు. దానికి ఆహారం అల్లాహ్ పోటు నీటితో పంపుతున్నాడు. మనం చేయవలసినది రెండవది మాత్రమే, దాని నేలను దానికి వదలడం. కానీ కృష్ణా గోదావరి ముఖద్వారాలలో గత మూడు నాలుగు దశాబ్దాలుగా ఏమి జరిగింది? మడ అడవుల అంచులు నరికి, గట్లు పోసి, రొయ్యల చెరువులు తవ్వారు. తీరమంతా చెరువులమయం అవుతుండగా 1996 డిసెంబరులో సుప్రీం కోర్టు కల్పించుకుని, తీరప్రాంత నియంత్రణ మండలంలో రొయ్యల చెరువుల మీద ఆంక్షలు విధించవలసి వచ్చింది. ఒక స్త్రీ ఒక పిల్లిని ఒక గదిలో పెట్టి తలుపు వేసింది. నేల అంతటినీ గట్లతో మూసివేస్తే, ఆ గదికీ ఈ నేలకూ తేడా ఎంత?

రొయ్య తినవచ్చునా కూడదా అని మన హనఫీ పండితులు తరతరాలుగా చర్చించారు. ఆ చర్చకు నేనూ ఎన్నోసార్లు జవాబులు రాశాను. ఆ రొయ్య పెరిగిన చెరువు అంతకుముందు ఎవరి ఇల్లు అన్న ప్రశ్న మాత్రం నన్ను ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. చెరువులు వద్దని నేను అనడం లేదు. వేల కుటుంబాలు వాటి మీద బతుకుతున్నాయి, అందులో మన కుటుంబాలూ ఉన్నాయి. ఉన్న చెరువు పక్కన ఒక జమ్ము మూలను, ఒక పాత కాలువను, మిగిలిన మడ చెట్లను వదలమని మాత్రమే అంటున్నాను. ఆ చెట్లు పిల్లికే కాదు, తుపాను వేళ అల ధాటిని తగ్గించి మనకు కూడా రక్షణ ఇస్తాయి. భూమి మీద నడిచే జంతువులూ, రెక్కలతో ఎగిరే పక్షులూ మీవంటి సముదాయాలేనని దివ్యఖుర్ఆన్ అన్ఆమ్ సూరాలో మనకు తెలిపింది. సముదాయం అన్నాక దానికి ఒక ఊరు ఉండాలి.

మొన్న తరగతిలో మళ్లీ ఆ పాఠమే వచ్చింది. నా ప్రయాణం సంగతి విన్న ఒక విద్యార్థి చేయి ఎత్తి, “ఉస్తాద్, మరి అడవి పిల్లి తాగిన నీటితో వుజూ చేయవచ్చా?” అని అడిగాడు. మంచి ప్రశ్న. ఇంటి పిల్లికి ఇచ్చిన సడలింపుకు కారణం అది మన చుట్టూ తిరుగాడడం. అడవి పిల్లికి ఆ కారణం వర్తించదు గనుక, హనఫీ గ్రంథాల ప్రకారం దాని ఎంగిలి నీటి ఆదేశం వేరు అని చెప్పాను. పిల్లలు రాసుకున్నారు. తర్వాత ఇంకొక మాట చెప్పాను. నీటి ఆదేశం వేరు కావచ్చు గాని దయ ఆదేశం వేరు కాదు. దాహంతో ఉన్న కుక్కకు బావిలో దిగి నీళ్లు తెచ్చి తాగించినవాడిని అల్లాహ్ క్షమించాడని మనం చదువుకున్నాము. ఆ కుక్క ఎంగిలి సంగతిని అక్కడ ఎవరూ అడగలేదు.

నిన్న నా విద్యార్థి ఫోను చేశాడు. వల కట్టారట. తూము దగ్గర దీపం పెట్టారట. అయినా పిల్లి ఇంకా వస్తూనే ఉన్నదట. జమ్ము మూలలో ఈ మధ్య సన్నని కూతలు వినిపిస్తున్నాయని కాపలా తాత చెప్పాడట. “నాన్నగారు విన్నారు ఉస్తాద్. ఏమీ అనలేదు” అన్నాడు.

ఆ మౌనం ఎల్లకాలం నిలవాలని ప్రార్థిస్తున్నాను. నోరులేని ప్రాణి ముందు తలుపు మూసే చేతులలో మన చేతులు లేకుండా అల్లాహ్ మనల్ని కాపాడుగాక. ఆమీన్.